నాన్న నేర్పిన పది మాటలు

ఈ మధ్య ఎవరైనా "ఎట్లున్నవ్?" అని అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను. కాసేపు ఆగి, నిజంగా ఎలా ఉన్నానో చూసుకుని అప్పుడు చెబుతాను. ఈలోపు అడిగినవాళ్లకు విసుగొస్తుంది. రానీ. దాదాపు ఏడాది పాటు నేనెలా ఉన్నానో నాకే తెలియలేదు. అమ్మకొకలా, నాన్నకొకలా, డాక్టర్లకొకలా కనిపించాను. ఇప్పుడు తల కాస్త కుదుటపడింది కాబట్టి, మరిచిపోకముందే ఇదంతా రాసిపెడుతున్నాను. మరిచిపోవడం ఎంత తేలికో నాకిప్పుడు బాగా తెలుసు.

నా పేరు హారిక. నిజామాబాద్‌లో ఏడో తరగతి దాకా చదివి, నాన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెంట ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊరికి వచ్చి పడ్డాను. మొన్నమొన్నటి దాకా ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ ఆడటమే నా ఉద్యోగం. ఈ మాట చెప్పగానే మా ఊళ్లో తెలుగువాళ్లు మొదట క్రికెట్ అనుకుంటారు, తర్వాత మామూలు ఫుట్‌బాల్ అనుకుంటారు, ఆఖరికి రగ్బీ అనుకుని జాలి పడతారు. ఇవేవీ కాదు. బంతి కోలగా ఉంటుంది, మైదానమూ కోలగానే ఉంటుంది. బంతిని తన్నొచ్చు, పిడికిలితో కొట్టొచ్చు, ఎదుటివాళ్ల భుజాల మీదికి ఎగిరి గాల్లోనే అందుకోవచ్చు. అలా ఎగిరి అందుకోవడం నాకు ప్రాణం. "తలకు ఏం పెట్టుకోరా?" అని అమ్మ మొదటిసారి చూసినప్పుడే అడిగింది. ఏమీ పెట్టుకోం.

లండన్‌లో చదువుకునేటప్పుడు మా ఫ్లాట్‌లో ఒక ఆస్ట్రేలియా అమ్మాయి ఉండేది. ఒక శనివారం వాళ్ల టీములో మనిషి తక్కువైందని నన్ను పార్కుకి లాక్కుపోయింది. రూల్స్ ఒక్కటీ తెలియదు. బంతి ఎవరి దగ్గరుంటే వాళ్లని పడేయమన్నారు. నిజామాబాద్ స్కూల్లో కబడ్డీ ఆడినదాన్ని, నడుము పట్టి, కాలు మడమ దగ్గర దొరకబుచ్చుకుని పడేశాను. ఇంకొకరినీ పడేశాను. ఇది ఎక్కడ నేర్చుకున్నావని కోచ్ అడిగితే స్కూల్లో అన్నాను. ఎలాంటి స్కూలో అని ఆయన చాలాసేపు ఆలోచించినట్టున్నాడు. ఆ తర్వాత వరసగా జరిగిపోయాయి: టీములో చోటు, ఒక టోర్నమెంటు, అక్కడ నన్ను చూసిన మెల్‌బోర్న్ మనిషి, ట్రయల్, కాంట్రాక్టు. అమ్మ ఏడ్చింది. నాన్న, "పెన్షన్ ఉంటదా?" అని అడిగాడు.

నాన్న సంగతి ఇక్కడే చెప్పాలి. నేను ఐదో తరగతిలో లెక్కల్లో నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకున్నప్పుడు, ప్రోగ్రెస్ కార్డు చూసి ఆయన అడిగిన మొదటి మాట, "ఆ రెండు ఎటు వోయినయ్?" కోపంతో కాదు. ఎక్కడ పడిపోయాయో వెతికి తెద్దాం అన్నట్టు అడిగాడు. ఆయన జీవితంలో పైకొచ్చింది పరీక్షలు రాసే. అందుకని లోకంలో ఏ తలుపైనా పరీక్షతోనే తెరుచుకుంటుందని ఆయన నమ్మకం. ఆట మొదట్లో ఆయనకు మింగుడుపడలేదు గానీ, నేను మెల్‌బోర్న్ వెళ్లాక మాత్రం తెల్లవారుజామున లేచి వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని ఒక్క మ్యాచ్ వదలకుండా చూసేవాడు.

మొదటి సీజన్‌కు ముందు క్లబ్బులో అందరికీ ఒక పరీక్ష పెడతారు. దెబ్బ తగలకముందు మన తల ఎలా పనిచేస్తుందో చూసి పెట్టుకోవడానికి. పది మాటలు చదివి వినిపించి, కాసేపయ్యాక తిరిగి చెప్పమంటారు. అంకెలు వెనక నుంచి చెప్పమంటారు. కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమంటారు. రేపు తలకు దెబ్బ తగిలితే మళ్లీ ఇదే పరీక్ష వేరే మాటలతో పెట్టి, పాత మార్కులతో పోలుస్తారు. అంతే, పాసూ ఫెయిలూ లేవు. నాతో ఇల్లు పంచుకున్న కెల్లీ, మా టీములోదే, "మరీ కష్టపడకు హ్యారీ, తక్కువ వస్తేనే తర్వాత సుఖం" అని నవ్వింది. అక్కడందరికీ నేను హ్యారీనే. నాకు అర్థం కాలేదు. పరీక్షలో తక్కువ రావడంలో సుఖమేమిటి?

ఆ సాయంత్రం ఫోన్లో నాన్నకి చెప్పాను. ఆయన గొంతు వెంటనే మారిపోయింది.

"సిలబస్ ఏంది?"

"సిలబస్ లేదు నాన్నా. ఊరికే చూస్తారు."

"ఊరికే ఎవరు చూస్తరు బిడ్డా? తయారు గావాలె."

ఇక చూడండి. రోజూ పది మాటలు పంపేవాడు. విడివిడిగా గుర్తుపెట్టుకోవద్దు, కథ అల్లుకోమని కిటుకు చెప్పాడు. ఆయన అల్లిన మొదటి కథ ఇది: "నిమ్మకాయ తిన్న గుర్రం రైలెక్కింది. కిటికీలకెల్లి చొక్కా బకెట్ల పడ్డది. బకెట్ల ఉప్పు, ఉప్పుల తాళంచెవి. తాళం తీస్తే కొండ, కొండ మీద గంట." దానికి మోడల్ పేపర్ అని పేరు పెట్టాడు. పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడమన్నాడు. బస్సులో వెళ్తూ బయటి కార్ల నంబర్లు వెనక నుంచి చదవమన్నాడు. అన్నీ చేశాను. టీములో నాకే అందరికన్నా ఎక్కువ వచ్చాయి. డాక్టర్ రెండుసార్లు చూసుకుంది. నాన్న రీడింగ్‌లో తన ఆఫీసు వాళ్లకి స్వీట్లు పంచాడు, ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

సెప్టెంబర్, మెల్‌బోర్న్

అది నా మూడో సీజన్. బంతి కోసం ఎగిరాను. అంతవరకే నాకు తెలిసింది. మిగతాది వీడియోలో చూశాను, వెనక నుంచి ఎవరిదో మోకాలు నా తలకు తగిలింది. నాకు మాత్రం ఎగరడం తర్వాత వెంటనే తడి గడ్డి వాసన, ఎవరో నా చొక్కా పట్టుకుని ఇది ఏ గ్రౌండు అని అడగడం. "మా స్కూల్ గ్రౌండ్" అన్నాను. నాకు ఆ జవాబు ఎంతో తెలివైనదిగా అనిపించింది. వాళ్లెందుకు నవ్వడం లేదో అర్థం కాలేదు.

నొప్పి పెద్దగా లేదు. నొప్పి ఉంటే బాగుండేదేమో, దేంతో పోరాడాలో తెలిసేది. లోకమంతా ఒక మెట్టు పక్కకి జరిగినట్టుండేది. ఎవరైనా మాట్లాడితే మాట అందేది, దాని అర్థం తర్వాత వచ్చేది. కుళాయి చప్పుడు చెవిలో గుచ్చుకునేది. ఏ కారణం లేకుండా ఏడుపొచ్చేది, మధ్యలో ఎందుకేడుస్తున్నానో గుర్తొచ్చేది కాదు. చీకటి గదిలో పడుకుని, గోడ అవతల కెల్లీ పిల్లిలా అడుగులేయడం వినేదాన్ని. ఆ అమ్మాయి మామూలుగా నడిస్తే ఇల్లంతా అదురుతుంది. నాకోసం చెప్పులు కూడా మానేసింది.

వారం వారం ఆ పరీక్ష పెట్టారు. వారం వారం పాత మార్కుల కన్నా బాగా కింద ఉన్నాను. సీజన్ అయిపోయింది. నేను లేకుండానే అయిపోయింది. విమానం ఎక్కవచ్చు అనగానే ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకోమన్నారు. వచ్చే మార్చి ఆఖరుకు లండన్‌లో ఒక స్పెషలిస్టు దగ్గర మళ్లీ పరీక్ష. అప్పటికి పాత మార్కుల దరిదాపుల్లోకి వస్తేనే కాంట్రాక్టు. రాకపోతే, ఆట అయిపోయినట్టే.

నవంబర్, రీడింగ్

తలకు దెబ్బ అంటే మన ఇళ్లలో కట్టు ఉండాలి, కుట్లు ఉండాలి. నాకేమీ లేవు. చూడ్డానికి దుక్కలా ఉన్నాను. పరామర్శకి వచ్చినవాళ్లు నా చుట్టూ తిరిగి చూసి నిరాశపడేవారు. మా వీధి చివర ఉండే సుజాత ఆంటీ అయితే, "ఎక్కడ తాకింది? ఏం కనవడ్త లేదే!" అని నా జుట్టు పాయలు తీసి మరీ వెతికింది. సుజాత ఆంటీ గొంతు ఎంతంటే, ఆమె ఫోన్లో మాట్లాడుతుంటే అవతలివాళ్లకి ఫోను అక్కర్లేదు. ఆ రోజు ఆవిడ వెళ్లిపోయాక రెండు రోజులు మంచం మీదే ఉన్నాను.

అమ్మకి నా పరిస్థితి చూసి మొదట దిష్టే గుర్తొచ్చింది. టీవీలో కనబడ్డ పిల్ల, అందరి కళ్లూ పడ్డాయి. ఉప్పు, ఎండుమిరపకాయలు నా చుట్టూ తిప్పి స్టవ్ మీద పెనంలో వేసింది. దిష్టి పోయిందో లేదో గానీ, పొగకి స్మోక్ అలారం మోగింది. ఇంట్లో మూడు అలారాలు, ఒకటి మోగితే మిగతావీ మోగుతాయి. నేను నేల మీద పడి చెవులు మూసుకుని కేకలు పెట్టాను. నాన్న కుర్చీ ఎక్కి టవలు ఊపుతున్నాడు. అమ్మ పెనం పట్టుకుని తోటలోకి పరుగెత్తింది. అంతా సద్దుమణిగాక అమ్మ నా పక్కన నేల మీద కూర్చుని, "తప్పైంది బిడ్డా, తప్పైంది" అని గుసగుసగా అంటూనే ఉంది. మా అమ్మ అంత చిన్న గొంతుతో మాట్లాడటం అంతవరకు వినలేదు.

మా పేట క్లినిక్కుకి వెళ్తే అక్కడి డాక్టర్ నన్నడిగింది ఎలా ఉన్నావని. నేను నోరు తెరిచేలోపు అమ్మ, "ఓకే డాక్టర్, ఓన్లీ లిటిల్ హెడేక్" అంది. నాన్న, "ఇంప్రూవింగ్" అన్నాడు. నేనూ "ఫైన్" అన్నాను. ముగ్గురం కలిసి ఆమెకి చెప్పడానికి ఏమీ మిగల్చలేదు. అక్కడి వెయిటింగ్ రూంలో ట్యూబులైట్ కొట్టుకుంటుంటే నేను టోపీ ముఖం మీదికి లాక్కుని కూర్చున్నాను. అది చూసిన రిసెప్షనిస్టు ఏమీ అడక్కుండా లేచి వచ్చి, నా వైపు లైటు ఆర్పేసి వెళ్లిపోయింది. ఆ ఏడాది మొత్తంలో నా జబ్బుని పూర్తిగా అర్థం చేసుకున్నది ఆమే అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

జనవరి

కొంచెం బాగైంది. లేదా బాగైందని అనుకున్నాను. ఇదే నన్ను చంపింది. ఒక రోజు పార్కు చుట్టూ నడిచొచ్చి హాయిగా అన్నం తినేదాన్ని. మర్నాడు చెంచా కింద పడిన చప్పుడుకే కళ్లు తిరిగేవి. నేను బాగుపడ్డానా? బద్ధకమా? భయమా? ఏ రోజు నిజమైన నేను?

ఒక మధ్యాహ్నం పాలకని వెళ్లి తిరిగొస్తూ మా ఇల్లేదో తెలియక వీధిలో నిలబడిపోయాను. మా వీధిలో ఇళ్లన్నీ ఒకేలా ఉంటాయి. అదే ఇటుక, అదే కిటికీ. కొత్తవాళ్లెవరైనా పొరబడతారు. కానీ నేను కొత్తదాన్ని కాదు, పన్నెండేళ్ల వయసు నుంచి అక్కడే పెరిగినదాన్ని. ఎదురింటి ముసలాయన కుక్కతో వస్తూ నన్ను చూశాడు. "నీలం తలుపు, మై డియర్" అని మాత్రం అని, కుక్కని లాక్కుంటూ వెళ్లిపోయాడు. లోపలికొచ్చి ఎవరికీ చెప్పలేదు. చెబితే జబ్బు, చెప్పకపోతే ఇళ్లన్నీ ఒకేలా ఉన్నాయి, అంతే కదా.

సుజాత ఆంటీ మళ్లీ వచ్చింది. నేను భయంతో దుప్పటి కప్పేసుకున్నాను. కానీ ఈసారి ఆవిడ చెప్పులు బయటే వదిలి, చీకటి గదిలోకి వచ్చి, నా మంచం పక్కన కూర్చుని ఒడిలో చిక్కుడుకాయలు వేసుకుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది. ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడకి అది ఎంత కష్టమో ఊపిరి విడవడంలోనే తెలుస్తోంది. అన్నీ అయ్యాక నా కాలు మీద తట్టి వెళ్లిపోయింది. ఆ తర్వాత వారం వారం వచ్చేది. ఒకసారి మాత్రం ఆగలేక, చాలా మెల్లగా, "బిడ్డా, జెర ఒక్క ముచ్చట చెప్పనా?" అని అడిగింది. చెప్పమన్నాను. వాళ్ల కోడలి గురించి. బాగా నవ్వాను. తల నొప్పి రాలేదు.

ఫిబ్రవరి

మార్చి దగ్గరపడే కొద్దీ నాన్న మారిపోయాడు. ఒకరోజు టీ తాగుతూ, మామూలుగా అన్నట్టు అన్నాడు: "మనం మళ్ల తయారైదాం బిడ్డా. అప్పుడు చేసినం, ఇప్పుడు చెయ్యలేమా?"

అమ్మ చేతిలో గిన్నె సింకులో పెట్టేసింది. "ఏం తయారైతది? అది దవాఖాన పరీక్ష. ఎంసెట్ గాదు."

"పరీక్ష పరీక్షే. దానికి ఫస్టు మార్కులు వచ్చినయ్ అప్పుడు. ఇప్పుడు గవ్వే రావాలె. రాకుంటే ఆట వోతది. దాని జీవితం వోతది."

"తలకాయ వోతే?"

ఇద్దరూ నా వైపు చూశారు. నేను చెప్పాల్సిన జవాబు అది. నాకు ఆడాలని ఉంది. చాలా ఉంది. ఎగిరినప్పుడు అందరికన్నా పైన, ఒక క్షణం ఏ చప్పుడూ ఉండదు, బంతి మాత్రమే ఉంటుంది. ఆ క్షణం కోసం ఏమైనా ఇవ్వొచ్చు అనుకునేదాన్ని. కానీ మళ్లీ ఎగరడం అనుకోగానే చేతులు చల్లబడుతున్నాయి. ఇది భయమా, జబ్బా? భయపడటం కూడా దెబ్బ వల్లే వచ్చిందేమో. అలాగైతే నా భయాన్ని నేను నమ్మాలా వద్దా? ఇదంతా వాళ్లకి చెప్పాలనుకున్నాను. మధ్యలో మాటలు తప్పిపోయాయి. "తయారైత నాన్నా" అన్నాను.

ఇంకో చిక్కు కూడా అప్పుడే అర్థమైంది. నన్ను ఎవరితో పోలుస్తున్నారు? నాతో కాదు. నాన్న కోచింగు ఇచ్చిన నాతో. పళ్లు తోముతూ ఒంటికాలి మీద నిలబడ్డ నాతో. ఏమీ చదవకుండా మామూలుగా వెళ్లి రాసి ఉంటే ఎన్ని వచ్చేవో ఎవరికీ తెలియదు. నేను నిజంగానే బాగైపోయి, ఆ మార్కులే అందనంత ఎత్తులో ఉన్నాయా? లేక ఇంకా బాగవలేదా? డాక్టర్లకి ఈ సంగతి తెలియదు. చెబితే మోసం అంటారేమోనని నాన్న భయం. మోసమేమిటి, చదువుకుని పరీక్షకి వెళ్లడం మా ఇంట్లో మర్యాద.

కాబట్టి మళ్లీ మొదలైంది. నిమ్మకాయ తిన్న గుర్రం రైలెక్కింది. కొత్త జాబితాలు కష్టంగా ఉంటే, "మోడల్ పేపర్ ఒక్కసారి చెప్పు, ధైర్యమొస్తది" అనేవాడు. అది మాత్రం గడగడా వచ్చేసేది. నాన్న ముఖం వెలిగిపోయేది. ఆ ముఖం చూడ్డం కోసం నేను మళ్లీ మళ్లీ చెప్పేదాన్ని. అమ్మ ఒకసారి గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ చూసి, "ఆడుతవో మానుతవో నీ ఇష్టం బిడ్డా. నాకు నా పిల్ల గావాలె" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మార్చి, లండన్

రీడింగ్ నుంచి పాడింగ్టన్ దాకా రైల్లో నాన్న నన్ను కిటికీ వైపు కాకుండా నడవ వైపు కూర్చోబెట్టాడు, బయట చెట్లు వెనక్కి పరిగెడితే నాకు కళ్లు తిరుగుతాయని. అమ్మ కట్టిచ్చిన పులిహోర డబ్బా, టీ ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకున్నాడు. పరీక్షకి పోయేటప్పుడు మాట్లాడించకూడదని ఆయన నియమం.

క్లినిక్కు వెయిటింగ్ రూంలో నాలాంటివాళ్లే ఇద్దరు ముగ్గురున్నారు. గుర్రపు పందేల్లో స్వారీ చేసే ఒక కుర్రాడు, నల్ల కళ్లద్దాలతో వాళ్లమ్మ భుజం మీద వాలి ఉన్నాడు. వాళ్లమ్మా మా నాన్నా ఒకరినొకరు చూసుకుని తల ఊపారు. భాష అక్కర్లేని పలకరింపు అది. నన్ను పిలిచినప్పుడు నాన్న లేచి, కొంచెం దూరం నా వెంట వచ్చి, లోపలికి రాకూడదనగానే ఆగిపోయాడు. బొటనవేలు పైకెత్తి చూపించాడు.

డాక్టర్ నడివయసు ఆవిడ, మెత్తని గొంతు. గదిలో ముందే లైటు తగ్గించి ఉంచింది. పది మాటలు చదివింది. ప్రతి మాటా స్పష్టంగా విన్నాను. ఒంటికాలి మీద నిలబెట్టింది, పరవాలేదనిపించింది. అంకెలు అడిగింది, కొన్ని వచ్చాయి. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, ఇప్పుడు ఆ పది మాటలు చెప్పగలవా అంది.

చెప్పగలను. ఒక్కసారిగా లోపలంతా తేలికైపోయింది. ఇన్ని నెలల్లో నా తల అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు. ఒక్కొక్కటే ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయాను. నిమ్మకాయ. గుర్రం. రైలు. కిటికీ. చొక్కా. బకెట్. ఉప్పు. తాళంచెవి. కొండ. గంట. ఎక్కడా ఆగలేదు. ఆఖరి మాట చెప్పి నవ్వుతూ ఆవిడ వైపు చూశాను.

ఆవిడ చేతిలో పెన్ను కదలలేదు. కాగితం మీద ఒక్క గుర్తు కూడా లేదు.

"హారికా," అందావిడ, నా పేరు పూర్తిగా పలికింది, "ఈ మాటలు నీకు ఎవరు చెప్పారు?"

మీరే, అనబోయాను. నోట్లోకి వచ్చేసింది. అప్పుడు ఆ మాటలు వినబడ్డ గొంతు గుర్తొచ్చింది. అది ఆవిడది కాదు. ఆవిడ చదివిన మాటల్లో ఒక్కటైనా పట్టుకుందామని వెతికాను. ఇప్పటికీ వెతుకుతున్నాను. ఒక్కటీ లేదు.

చాలా భయపడ్డాను. ఆ భయం దెబ్బదా నాదా అన్న అనుమానం అప్పుడు రాలేదు. అది నాదే.

బయటికొచ్చేసరికి నాన్న లేచి నిలబడ్డాడు. ఎన్ని పరీక్ష హాళ్ల బయట చూశానో ఆ ముఖం.

"ఎట్ల రాసినవ్ బిడ్డా?"

"పదికి పది చెప్పిన నాన్నా."

"శభాష్!" రెండు చేతులూ చరిచి, వెంటనే ఆ కుర్రాడి వైపు చూసి చప్పుడు ఆపేశాడు. "ఏం మాటలిచ్చిన్రు?"

"నిమ్మకాయ. గుర్రం. రైలు. కిటికీ..."

ఆయన పెదవులు నాతోపాటు కదిలాయి, చొక్కా దాకా. అక్కడ ఆగిపోయాయి. నా ముఖంలోకి చూశాడు.

"ఆమె ఇచ్చిందా అవి?"

"లే నాన్నా. నువ్విచ్చినవి."

నాన్న కుర్చీలో కూర్చుండిపోయాడు. ఒళ్లో పులిహోర డబ్బా జారుతుంటే పట్టుకోలేదు, ఆ కుర్రాడి వాళ్లమ్మ వంగి పట్టుకుని పక్కన పెట్టింది. కాసేపటికి డాక్టర్ ఇద్దర్నీ లోపలికి పిలిచింది. నేను చెబుతాను అనుకునేలోపు నాన్నే చెప్పేశాడు, ఆయన ఇంగ్లీషులో, ఆఫీసులో మాట్లాడేంత నీటుగా కాదు. మొదటి పరీక్షకి తనే కోచింగు ఇచ్చానన్నాడు, ఈ పరీక్షకి కూడా ఇచ్చానన్నాడు. "మై మిస్టేక్, డాక్టర్. నాట్ హర్." ఆవిడ ఆశ్చర్యంగా విని, కావాలని తక్కువ తెచ్చుకునే ఆటగాళ్లని ఎంతోమందిని చూశాను గానీ ట్యూషన్ పెట్టించుకున్నవాళ్లని చూడలేదంది. చిన్నగా నవ్వింది కూడా. తర్వాత నా వైపు తిరిగింది. మార్కుల సంగతి వదిలేయ్, ఈ రోజు నువ్వు చెప్పిన మాటలు చాలు అంది. ఇంకో దెబ్బ తగిలితే ఏమవుతుందో తను చెప్పలేనంది. ఆడకూడదు అని ఆవిడ అనలేదు. అనక్కర్లేదు.

తిరుగు రైల్లో నాన్న కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఏడుస్తున్నాడని భుజాలు చూస్తే తెలిసింది. నేను ఫ్లాస్కు మూత తీసి టీ పోసిచ్చాను. "నా బిడ్డ తలకాయల నా మాటలే వెట్టిన" అన్నాడు. "మంచి కథే నాన్నా అది" అన్నాను.

ఆ వారంలోనే కోచ్ మెల్‌బోర్న్ నుంచి ఫోన్ చేశాడు. ఎలా ఉన్నావు హ్యారీ అన్నాడు. "ఆల్ గుడ్" నాలుక చివర దాకా వచ్చింది. ఆగాను. ఎంతసేపు ఆగానంటే, లైను తెగిపోయిందనుకుని ఆయన హలో హలో అన్నాడు. "బాగలేను" అన్నాను. ఇక ఆడను అని కూడా నేనే అన్నాను. అమ్మ కాదు, నాన్న కాదు, నేనే. ఫోన్ పెట్టేసి వెక్కి వెక్కి ఏడ్చాను. ఈసారి ఎందుకేడుస్తున్నానో మొదటి నుంచి చివరి దాకా గుర్తుంది.

మళ్లీ సెప్టెంబర్

ఇప్పుడు చాలా వరకు బాగున్నాను. ఈ మాట ఆగి, చూసుకునే రాశాను. ఇంకా ఎక్కువసేపు స్క్రీన్ చూడలేను, అందుకే కాగితం మీద రాస్తున్నాను. శనివారాలు లండన్ పార్కులో కొత్త అమ్మాయిలకి నడుము పట్టి పడేయడం నేర్పిస్తున్నాను, నేను మాత్రం ఎగరను. వాళ్లు ఎగిరినప్పుడు ఒళ్లంతా లాగుతుంది. ఆ బాధ పోతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. మీ ఇంట్లో ఎవరి తలకైనా దెబ్బ తగిలితే నా మాట ఒక్కటి వినండి. పైకి ఏమీ కనబడదు. డాక్టర్ అడిగినప్పుడు మీరు జవాబు చెప్పకండి. వాళ్లని చెప్పనివ్వండి, ఎంత ఆలస్యమైనా.

లండన్ డాక్టర్ మొన్న మళ్లీ పిలిచింది. ఈసారి ఏ క్లబ్బు కోసమూ కాదు. నా అసలు లెక్క ఏమిటో ఒకసారి చూసుకుందామంది. దయచేసి ఏమీ చదువుకుని రావద్దని రెండుసార్లు చెప్పింది. పొద్దున టిఫిన్ దగ్గర నాన్న అలవాటుగా, "ఏం చదివి..." అని, చట్నీ గిన్నె నా వైపు జరిపి ఊరుకున్నాడు. అమ్మ నవ్వాపుకోలేకపోయింది.

క్లినిక్కుకి నాన్నే తోడొచ్చాడు. వెయిటింగ్ రూంలో అదే కుర్చీలో కూర్చున్నాడు. నేను బయటికి రాగానే లేచాడు. ఆ ముఖం మారలేదు, ఎప్పటికీ మారదు.

"ఎన్నొచ్చినయ్ బిడ్డా?"

"ఆరు."

"నీయేనా?"

"అన్నీ నాయే."

ఆయన కాసేపు ఆ ఆరుని మనసులో పెట్టుకుని చూసుకున్నాడు. నా కోటు అందుకుని, చేతులు తొడుక్కోవడానికి పట్టుకుని నిలబడ్డాడు.

"మంచిగనే ఉన్నయ్," అన్నాడు. మిగిలిన నాలుగు ఎటు పోయాయని అడగలేదు.